పులుసు దాక, చేపల తొట్టి

రండి, రండి. కాళ్ళు కడుక్కుని రండి పిల్లకాయలూ. ఆ ఇసకంతా వరండాలో దులిపారంటే అవ్వ ఊరుకోదు. మైపాడు తీరం నుంచి తెచ్చిన సంచీ ఏదీ? ఇట్లా చాప మీద ఒంపండి, చూద్దాం.

అబ్బో! గవ్వలు, ఆల్చిప్పలు, మూతి విరిగిన శంఖం, అలలు అరగదీసి నున్నగా చేసిన పచ్చ సీసా పెంకు, చిక్కుపడిన వల ముక్క. ఇదేంది, ఇంత బరువుంది? పడవ చెక్క! నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, ఒక మేకు కూడా ఉందే దీనికి. ఇంట్లో దాచుకున్న రాళ్ళు కూడా తెచ్చి పెట్టారా? ఇదంతా చేపల తొట్టిలో అమర్చడానికేనా? బాగుంది. అంగట్లో కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ కోట కన్నా మన చేతులతో ఏరుకొచ్చి కట్టిన ఇల్లే నాకూ ఇష్టం. అయితే తొందరపడొద్దు. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, "నువ్వు నీళ్ళకి ఏమిస్తావు?" అని అడుగుదాం. దేనికది జవాబు చెబుతుంది. ఆ జవాబు ఎట్లా వినాలో, అదే ఇవాళ్టి కత.

నీళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. చింతపండు వేస్తే పులుపు లాక్కుంటాయి, టీ పొడి వేస్తే రంగు లాక్కుంటాయి, కొత్త కుండలో పోస్తే మట్టి వాసన పట్టుకుంటాయి. తాకినదాన్నల్లా కొంచెమైనా రుచి చూడకుండా వదలవు. ఉప్పునైతే గబగబా కరిగిస్తాయి, బావి గట్టు రాయినైతే ఏళ్ళ తరబడి నాకుతూ కూర్చుంటాయి. సముద్రంలో ఈ పడవ చెక్క పదేళ్ళు నానినా పక్కనున్న చేపకి ఆ సంగతి తెలియదు, అంత నీళ్ళున్నాయి అక్కడ. మన తొట్టిలో ఉండేది మూడు బిందెలు. ఆ మూడు బిందెల్లోనే చేప ఊపిరి పీల్చాలి, తినాలి, దొడ్డికి పోవాలి, నిద్రపోవాలి. వంటింట్లో మిరపకాయల ఘాటు లేస్తే మనం దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తుతాం. చేప యాడికి పోతుంది?

సరే, ఇంకో మాట అడుగుతా. నిన్న అవ్వ బొమ్మిడాయిల పులుసు దేంట్లో కాచింది? దాకలో. మట్టి దాకలో. ఇంట్లో ఇత్తడి గిన్నెలున్నాయి, సత్తు గిన్నెలున్నాయి, అయినా నెల్లూరు చేపల పులుసుకి దాకే ఎందుకు? రుచి అంటారు, నిజమే, మరుసటి రోజు పొద్దున్నే చద్దన్నంలోకి ఆ రుచి నాకూ తెలుసు. కానీ రుచి వెనకాల ఒక రసాయనం ఉంది. చింతపండూ మామిడికాయా పడ్డాక ఆ పులుసు పులుపు, పులుపు అంటే ఆమ్లం. ఆమ్లం లోహాన్ని తింటుంది. సత్తు గిన్నెలో కాస్తే గిన్నె లోపల చిన్న చిన్న గుంటలు పడతాయి. ఇత్తడి గిన్నెలో కాస్తే చిలుం ఎక్కి నోరు వగరెక్కుతుంది.

అందుకే నా చిన్నప్పుడు కళాయి పూసేవాడు వీధిలోకి వచ్చాడంటే ఆడవాళ్ళంతా గిన్నెలు మోసుకుని బయటికొచ్చేవాళ్ళు. మట్టిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, గిన్నెని ఎర్రగా కాల్చి, నవాసారం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరపు కడ్డీ ఒక గీత గీసి, దూది ఉండతో గిర్రున తిప్పి తుడిచేవాడు. అంతవరకూ నల్లగా ఉన్న గిన్నె లోపల వెన్నెల పోసినట్టు మెరిసేది. ఆ పలచటి తగరం పొర ఉన్నన్నాళ్ళే ఇత్తడి గిన్నెలో పులుసు కాయొచ్చు. పొర అరిగిపోతే పులుసు విషం. మా అమ్మ చదువుకోలేదు గానీ ఏ గిన్నెలో ఏది వండాలో ఒక్కసారీ తప్పలేదు.

నేను చెప్పొచ్చేది ఇదే. ఏ పాత్రలో పులుసు నిర్భయంగా కాస్తామో ఆ సరుకుతో చేపకి ఇల్లు కట్టొచ్చు. పులుసు అరగంటలో చేసే పనిని తొట్టి నీళ్ళు ఆరునెలల పాటు తీరిగ్గా చేస్తాయి, అంతే తేడా. మట్టి దాకా? పెట్టొచ్చు. గాజా, స్టెయిన్‌లెస్ స్టీలా? పెట్టొచ్చు. ఇత్తడి గంట? వద్దు. రంగు పూసిన బొమ్మ? ఏరా, రంగు పూసిన గిన్నెలో ఎవరైనా పులుసు కాస్తారా?

ఇప్పుడు ఈ పడవ చెక్క చేతిలోకి తీసుకో. వాసన చూడు. ఉప్పు వాసన, దాని వెనక తారు వాసన. గోటితో గీకు. నీలం రంగు కింద ఎర్రటి పొర ఇంకొకటి కనిపిస్తోందా? పడవ అడుగున గవ్వలూ నాచూ అతుక్కోకుండా పూసే రంగులుంటాయి, వాటిలో చాలావాటిల్లో రాగి కలుస్తుంది. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1761లో ఇంగ్లీషు వాళ్ళు అలారం అనే యుద్ధనౌకకి అడుగంతా రాగి రేకు తాపడం చేసి చూశారు, పురుగు చెక్కని తొలవకుండా, గవ్వలు పట్టకుండా. రాగి ఉన్నచోట అవి కాపురం పెట్టలేవు. పడవకి అది వరం. మన తొట్టిలో నత్తలూ రొయ్యలూ కాపురం పెట్టాలనుకుంటున్నాం గదా, అక్కడ అదే శాపం. కాబట్టి ఈ చెక్క గోడ మీద అలంకారం, తొట్టిలోకి మాత్రం కాదు.

ఈ రాగి సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదురా. పెద్దోడికి గుర్తుంది, చిన్నది అప్పటికి మరీ పసిది. మూడేళ్ళ నాడు తొట్టి మొదటిసారి పెట్టినప్పుడు వానాకాలం. డాబా మీద పడిన వాననీళ్ళు పట్టి, వడగట్టి పోశాం. కాలవలో పట్టిన వేలెడంత కూడా లేని రొయ్యలు ఆరు, నత్తలు నాలుగు, గప్పీలు ఒక గుప్పెడు. పెద్దోడు కొబ్బరిచిప్పతో నిధి పెట్టె చేశాడు. పెట్టె ఉంటే నిధి ఉండాలి గదా? మా అమ్మ భోషాణంలో చిల్లి కాణీలు మిగిలున్నాయి, నడిమధ్య గుండ్రటి చిల్లి ఉండేవి, యుద్ధకాలంలో మొదలుపెట్టి 1943 నుంచి 1947 దాకా పోసిన కంచు కాణీలు. వాటిని చింతపండుతో తోమి తళతళలాడించి నేనే ఇచ్చాను. నీళ్ళలో పడ్డాక ఎంత అందంగా ఉన్నాయో! సాయంత్రం దీపం పెడితే బంగారంలాగా మెరిసేవి.

నాలుగో రోజు రొయ్యలు మేత ముట్టలేదు. ఐదో రోజు పక్కకి ఒరిగి కాళ్ళు ఆడించడం మొదలెట్టాయి. నత్తలు అద్దం మీద పట్టు వదిలి ఒక్కొక్కటే కిందికి రాలాయి, తలుపు మూసుకుని మళ్ళీ తీయలేదు. గప్పీలేమో ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. అందుకే నాకు ముందు అనుమానం రాలేదు. నీళ్ళు వేడెక్కాయేమో, మేత ఎక్కువైందేమో అనుకున్నా. వారం తిరక్కుండా ఆరు రొయ్యలూ పోయాయి. తొట్టి కడిగేటప్పుడు ఒక కాణీ ఎత్తి చూస్తే, దాని కింద తెల్లటి ఇసక మీద గుండ్రంగా పచ్చటి మరక. చిలుం! పెద్దోడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు నాదే. ఇత్తడి గిన్నెలో పులుసు కాయకూడదని తెలిసినవాణ్ణి, తొట్టిలో కాణీలు వేయకూడదని ఎందుకు తోచలేదో ఇప్పటికీ నాకు బాధే.

తర్వాతెప్పుడో ఈ సంగతి విని చిన్నది అడిగింది, "మరి అవ్వ రాగి చెంబులో నీళ్ళు తాగుతుంది గదా తాతా?" అని. మంచి ప్రశ్న. తాగే నీళ్ళలో లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా రాగి ఉన్నా మనిషికి భయం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అదే వాననీళ్ళలాంటి సున్నం లేని నీళ్ళలో రొయ్యలకీ నత్తలకీ అందులో ఇరవయ్యో వంతు కూడా ఎక్కువే. మనం తాగిన రాగిని కడుపు వడపోసుకుంటుంది, ఎక్కువైంది బయటికి పంపుతుంది. నీటి జీవి మొప్పలు అట్లా కాదు, పలచటి పొర, నీళ్ళకి సూటిగా తగులుతూ ఉంటాయి. మంచినీళ్ళలో ఉప్పు తక్కువ గదా, ఆ కొంచెం ఉప్పునే మొప్పలు పట్టి పట్టి ఒంట్లోకి లాక్కోవాలి. రాగి పోయి ఆ లాగే పనికే అడ్డుపడుతుంది. ఒంట్లో ఉప్పు కారిపోతుంది, జీవి నీరసించి ఒరిగిపోతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది, వినండి. రొయ్య రక్తంలోనే రాగి ఉంది! మన రక్తం ఎరుపు ఎందుకు? ఇనుము వల్ల. ఊపిరిని మోసే బండి మనకి ఇనుముతో చేశాడు దేవుడు, రొయ్యకీ పీతకీ నత్తకీ రాగితో చేశాడు. హీమోసయనిన్ అంటారు దాన్ని. ప్రాణవాయువు పట్టుకున్నప్పుడు లేత నీలంగా ఉంటుంది. ఒంట్లో కొలత ప్రకారం ఉంటే ప్రాణం పోసేదే, నీళ్ళలో కొలత తప్పితే ప్రాణం తీస్తుంది. కూరలో ఉప్పు సంగతి మీ అవ్వనడగండి, ఇదే చెబుతుంది.

రాగితో పని జరిగే చోటూ ఉందిలే. గూడూరు నిమ్మతోటల్లో మైలతుత్తం, సున్నం కలిపి చెట్లకి కొడతారు చూడండి, ఆ నీలం మందు. ఫ్రాన్సులో బోర్డో అనే ఊరి దగ్గర ద్రాక్షతోటల వాళ్ళు, దారినపోయేవాళ్ళు కాయలు కోసుకోకుండా రోడ్డు పక్క వరసల మీద దాన్ని చల్లేవాళ్ళట, చూస్తేనే వెగటు పుట్టాలని. మిలార్డే అనే ఆచార్యుడు ఆ దారిన పోతూ గమనించాడు, ఆ వరసల్లోనే ఆకులకి తెగులు లేదు! 1885లో ఆ సంగతి లోకానికి చెప్పాడు. చూశారా, కళ్ళు తెరుచుకుని నడిచేవాడికి దొంగల మందులో తెగులు మందు కనిపించింది.

నిమ్మకాయ అనుకున్నాం గదా, ఒకటి తెచ్చుకో వంటింట్లోంచి. సగానికి కొయ్యి. ఇప్పుడు రాళ్ళని అడుగుదాం.

ఇది తెల్లరాయి, మీరు సైదాపురం పోయినప్పుడు తెచ్చిందే. మేకుతో గీకు. గీత పడిందా? పడలేదు, మేకే అరిగింది. నిమ్మరసం పిండు. ఏమైనా కదిలిందా? లేదు. ఇది పలుగురాయి. నిమ్మరసానికే చలించనిది తొట్టి నీళ్ళకి ఏం చలిస్తుంది? దీనికి చేప పక్కన సింహాసనం వేయొచ్చు. ఆ పక్క ఊళ్ళలోనే కాకిబంగారం కూడా దొరుకుతుంది, అభ్రకం. గూడూరు అభ్రకానికి ఒకప్పుడు దేశదేశాల్లో గిరాకీ. మెరుస్తుంది గదా అని తొట్టిలో వేద్దామంటారు, వద్దు. విషం కాదు గానీ పొరలు పొరలుగా ఊడుతుంది, అంచులు పదును.

ఇక ఈ నల్లరాయి. పక్కింటి మెట్లు కట్టినప్పుడు మిగిలిన కడప బండ ముక్క. మేకుతో గీకు. చూశావా, తెల్లటి పొడి రాలింది. ఆ పొడి మీద నిమ్మరసం పిండి, చెవి దగ్గర పెట్టుకో. మాట్లాడొద్దు. వినిపించిందా, సుయ్ మని? సోడా మూత తీసినప్పటి చప్పుడుకి మనవరాలిలాంటి చప్పుడు. ఆ బుడగలు సోడాలో ఉండే గాలే, బొగ్గుపులుసు వాయువు. కడప బండ సున్నపురాయి. అందుకే దాని మీద నిమ్మచెక్క పెడితే మచ్చ పడుతుంది, ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు అదే నిమ్మరసం ఆల్చిప్ప మీద పిండు. ఇంకా గట్టిగా బుసకొట్టింది! గవ్వా, ఆల్చిప్పా, శంఖం, గుడ్డు పెంకు, కడప బండ, అన్నీ ఒక్క ఇంటివే. పులికాట్ చెరువు అడుగున మేటలుగా పడిన గుల్లల్ని తవ్వి తీసి, బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవాళ్ళు. పాతకాలపు మేడల గోడలకీ, తాంబూలానికీ అదే. కాబట్టి శంఖాన్ని తొట్టిలో పెట్టడమంటే నీళ్ళలో సున్నపు గడ్డని నెమ్మదిగా నానబెట్టడమే. నీళ్ళు బరువెక్కుతాయి, పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ అంటే పులుపు, క్షారం కొలిచే మెట్లు: 7 దగ్గర మధ్యస్థం, కిందికి దిగేకొద్దీ పులుపు, పైకెక్కేకొద్దీ సున్నపు గుణం. ఒక్క మెట్టంటే పది రెట్లు, గుర్తుపెట్టుకోండి. రొయ్యల గుంటల దగ్గర పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆ మెట్టు కొలిచి చూస్తారు, తగ్గితే సున్నం చల్లుతారు. అక్కడ ఎకరాల నీళ్ళు. మన మూడు బిందెల్లో నాలుగు శంఖాలు పెడితే అది గుప్పిళ్ళతో చల్లినట్టే. గప్పీలూ మాలీలూ ఓర్చుకుంటాయి, వాటికి ఇష్టం కూడా. నియాన్ టెట్రాల్లాంటివి అడవి వాగుల్లో, సున్నం లేని నీళ్ళలో పుట్టినవి, వాటికి పడదు.

గవ్వలు ఏరేటప్పుడు లోపల ఎవరైనా కాపురముంటున్నారేమో చూడండి. ఖాళీ శంఖంలో దూరి ఉండే పీత ఒకటుంటుంది, దాన్ని ఇంటికి తెచ్చారంటే ఇల్లుతో సహా ఎత్తుకొచ్చినట్టు. పగడపు రాయి దొరికినా ముట్టొద్దు, పగడాలని మన దేశంలో చట్టమే కాపాడుతోంది.

అడుగున పోసే ఇసక సంగతీ ఇంతే. మైపాడు ఇసక చేతిలో పోసుకుని నిమ్మరసం పిండితే అక్కడక్కడ బుడగలు లేస్తాయి, గవ్వల నూక కలిసుంటుంది గనక. ఉప్పు సరేసరి. పెన్న ఇసక కడిగి పోసుకోవచ్చు. మన తీరంలో చిల్లకూరు, కోట వైపు తెల్లగా పంచదారలాగా ఉండే ఇసక మేటలున్నాయి, సిలికా ఇసక. దాన్ని కరిగించే గాజు చేస్తారు. అంటే మన తొట్టి అద్దమూ, అడుగున పోసిన ఇసకా, ఆ పలుగురాయీ ముగ్గురూ అన్నదమ్ములే! ఈ సముద్రపు సీసా పెంకు నాలుగోవాడు. అలలు దీని పదునంతా మింగేశాయి, చేప తోక రాసుకున్నా చీలదు. పెట్టుకోండి. గాజుగోళీలు కూడా.

వల ముక్క వద్దు. చేప తల దూరుస్తుంది, మొప్ప దగ్గర తట్టుకుంటుంది, వెనక్కి రాలేదు. వల కనిపెట్టిందే అందుకు గదా.

పోయిన ఏడాది చిన్నది తొట్టిలోకి వంతెన కావాలంటే సిమెంటుతో నేనే పోశాను. చేతెడు వంతెన, రెండు కమానులు. ఆరగానే పెడదామని చిన్నది గొడవ. కొత్త సిమెంటులోంచి సున్నపు తేట ఊరుతూనే ఉంటుంది, దాని పీహెచ్ 12 దాకా పోతుంది. కొత్త సిమెంటు తొట్లలో చేపలు వదిలేముందు అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, అట్లా చేస్తారు. సరే, మన వంతెన ఎప్పటికి సిద్ధమైందో ఎట్లా తెలిసేది? పసుపు! దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా చేస్తుంది అవ్వ? పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం. అదే పరీక్ష. తెల్లకాగితానికి పసుపు పూసి ఆరబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నాం. బకెట్లో వంతెన, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చడం. ఆదివారం ఆదివారం నీళ్ళు మార్చేముందు కాగితం ముంచడం చిన్నదాని పని.

మొదటి ఆదివారం కాగితం కుంకుమ రంగు. రెండోదీ అంతే. మూడో ఆదివారం ఇటుక రంగు. నాలుగో ఆదివారం అంచుల్లో కొంచెం జేగురు. ఐదో ఆదివారం ముంచి తీస్తే పసుపు పసుపుగానే ఉంది. చిన్నది ఎగిరి గంతేసింది. ఆ ఐదు కాగితాలూ పంచాంగంలో పెట్టి దాచాను, ఇదిగో, చూడండి, ఇంకా రంగు పోలేదు. ఇంట్లో ఏ వస్తువునైనా ఇట్లాగే బకెట్లో వారం నానబెట్టి చూడొచ్చు. పసుపు కాగితం ఎర్రబడిందా, నీళ్ళ మీద నూనె తెట్టు కట్టిందా, వాసనొచ్చిందా? వచ్చిందంటే ఆ వస్తువు జవాబు చెప్పేసినట్టే.

వినాయక చవితి బొమ్మ తొట్టిలో పెడదామని పక్కింటి పిల్లోడు అడిగాడు. అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ. లీటరు నీళ్ళకి రెండు గ్రాముల లెక్కన కరుగుతూనే ఉంటుంది, ఆపైన రంగులు. చెరువుల్లో నిమజ్జనానికే అవి పనికిరావని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పేసింది. చెరువుకే పట్టనిది మూడు బిందెలకి పడుతుందా?

చెక్క అంటే మాత్రం నాకు చాలా ఇష్టం. ఉదయగిరి చెంచాలు చూశారు గదా, మన అడవి చెక్కతో చేత్తో చెక్కి నున్నగా చేస్తారు, ఏళ్ళ తరబడి వేడి కూరలో తిరిగినా వాసన రాదు. అట్లా బాగా ఎండి, చేవ ఉన్న కర్ర కావాలి. పచ్చి కర్ర కుళ్ళుతుంది, కుళ్ళితే నీళ్ళలో అమ్మోనియా. పాలు కారే జెముడు, గన్నేరు దగ్గరికే పోవద్దు, అవి విషం. ఎండిన కర్ర మొదట తేలుతుంది, మొండిపిల్లాడిలాగా. బకెట్లో రాయి కింద పెట్టి వారాల తరబడి నానబెడితే తనే మునుగుతుంది. నీళ్ళు డికాషను రంగుకొస్తాయి, భయపడొద్దు, కరక్కాయలో ఉండే వగరే అది. వీధి చివర బాదంచెట్టు కింద ఎర్రగా రాలిన ఆకులున్నాయే, అవి ఒకటి రెండు వేసినా అదే రంగు. చేపలు పెంచేవాళ్ళు కావాలని వేస్తారు. కొబ్బరిచిప్ప పీచు గీకి, కొబ్బరి అంతా తీసేసి, ఒకటికి రెండుసార్లు ఉడకబెట్టి బోర్లిస్తే మంచి గుహ. రాళ్ళని మాత్రం ఉడకబెట్టొద్దు, లోపల తేమ ఉంటే ఆవిరై టప్పున పేలొచ్చు. వేణ్ణీళ్ళు పోసి రుద్దితే చాలు.

ఆ రుద్దేది కూడా సబ్బుతో కాదు. కుంకుడు రసంతోనూ కాదు. కుంకుడుకాయ చెట్టు నుంచి వచ్చిందే గదా, మంచిదే గదా అనిపిస్తుంది. దాని నురగలో సపోనిన్ అనే సరుకుంది, అది చేప మొప్పల్ని పాడుచేస్తుంది. రొయ్యల గుంటలు సిద్ధం చేసేటప్పుడు టీ గింజల చెక్క వేస్తారే, రొయ్యపిల్లల్ని తినేసే పిచ్చిచేపలు చావడానికి, అందులో ఉండేదీ సపోనినే. చేప పోతుంది, రొయ్య తట్టుకుంటుంది. రాగి దగ్గర రొయ్య ముందు పోయింది, చేప తట్టుకుంది. ఎవరి బలహీనత వాళ్ళది. రెండూ ఒకే తొట్టిలో ఉండాలంటే ఇద్దరి సంగతీ చూసుకోవాలి మరి.

ముక్కలు అతకాలంటే ఫెవికాల్ నీళ్ళకి ఊడిపోతుంది. బూజు మందు కలపని సిలికాన్ అయితే మేలు. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది, ఆ వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఆగాలి.

ఇంతకీ కాణీల తర్వాత ఏమైందో చిన్నదానికి చెప్పలేదు గదా. తొట్టి ఇసకంతా పారబోసి, కడిగి, నెల రోజులు ఖాళీగా ఉంచాం. తర్వాత అవ్వ దాక ఒకటి అంచు పగిలితే, ఆ సగం దాక బోర్లించి పెట్టాం. ఆ గరుకు పెంకు మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురం పెట్టి చేప మలినాన్ని శుభ్రం చేస్తాయి, పాలకి తోడు పడ్డట్టు కొన్ని వారాలు పడుతుంది వాటికి కుదురుకోడానికి. మళ్ళీ వాననీళ్ళే పోశాం, మళ్ళీ ఆరు రొయ్యలు తెచ్చాం. పెద్దోడు రోజుకి పదిసార్లు లెక్కపెట్టేవాడు.

పన్నెండో రోజు పొద్దున పెద్దోడు ఏడుస్తూ వచ్చాడు, "తాతా, రొయ్య చచ్చిపోయింది" అని. పోయి చూస్తే దాక పక్కన తెల్లగా, అద్దంలాగా, మీసాలతో సహా రొయ్య పడి ఉంది. కదలడం లేదు. లెక్కపెట్టరా అన్నాను. ఒకటి, రెండు, మూడు... ఐదు కనిపించాయి. దాక ఎత్తి చూస్తే దాని కింద ఆరోది! మెత్తగా, సిగ్గుపడుతున్నట్టు మూలకి ఒదిగి కూర్చుంది. బయట పడి ఉన్నది అది విడిచిన కుబుసం. రొయ్య పెరగాలంటే పాత చొక్కా విడిచి కొత్తది తొడుక్కోవాలి, కొత్తది గట్టిపడేదాకా ఎవరి కంటా పడకుండా దాక్కోవాలి. గట్టిపడటానికి దానికి కావలసింది ఏందో తెలుసా? సున్నం. వాననీళ్ళలో సున్నం ఎక్కడుంది? అందుకే మర్నాటికి తన కుబుసం తనే కొరుక్కుని తింటూ కనిపించింది.

అప్పుడు పెద్దోడు ఏం చేశాడో తెలుసా? ఇట్లాగే మైపాడు నుంచి తెచ్చుకున్న గవ్వల డబ్బా తీసి, అందరికన్నా చిన్న గవ్వని, చిటికెనవేలి గోరంత దాన్ని ఏరి, మంచినీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, దాక మూలన పెట్టాడు. "ఒక్కటి చాలా తాతా?" అన్నాడు. చాలు అన్నాను. అదిగో, ఇంకా అక్కడే ఉంది చూడండి, పలచబడి, మెరుపు పోయి సుద్దముక్కలాగా. దాని మీద కూర్చుని ఉన్నదే, మీసాలు ఆడిస్తూ, ఆ రొయ్య ఇక్కడే ఈ తొట్టిలోనే పుట్టింది.